బేరింగు నోరు మూసేదాకా

కొడవలూరులో ట్రంకు రోడ్డు మీద రిపేరు షెడ్డు నడిపే సిలార్ సాహెబుకు తాగుడు లేదు, పేకాట లేదు, పక్కింటి సంగతులు ఆరా తీసే అలవాటు కూడా లేదు. ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎవరి కారుకు చక్రం బేరింగు బాగుచేసినా, ఆ కారెక్కి కూర్చుంటాడు. అది ఎక్కడికి పోతే తనూ అక్కడికి పోతాడు. రమ్మని పిలిచినవాడు ఉండడు. వద్దన్నా వినడు. "బేరింగు చెప్పేది వినొద్దా? అది నోరు మూసేదాకా నేను దిగేది లేదు" అంటాడు.

వినడానికి ఆయన దగ్గర మూరెడు సరుగుడు కర్ర ఒకటి ఉండేది. చెయ్యి పడీ పడీ నల్లగా నున్నబడిపోయింది. వెనకసీటు కింద చెక్క ఊడదీసి, ఆ సందులోంచి కర్ర దించి, ఒక కొస ఇరుసు గొట్టానికి ఆనించి, రెండో కొసకు చెవి అప్పగించి, పాలు తాగే గొర్రెపిల్లలాగా వంగి కూర్చునేవాడు. గతుకు వచ్చినప్పుడల్లా కర్ర చెవిలో ఒక పోటు పొడిచేది. "యా అల్లా!" అని చెవి రుద్దుకుని మళ్ళీ పెట్టేవాడు. ముప్పై ఏళ్ళ పోట్లకు ఆయన కుడిచెవి ఎడమచెవి కంటే వెడల్పయిందని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. కొలిచినవాళ్ళు లేరు గానీ, చూస్తే నిజమే అనిపించేది.

చేతిలో అంత మంచి కర్ర ఉన్నాక మనిషి ఊరికే ఉంటాడా! పుచ్చకాయ కొంటే కర్ర పెట్టి వినేవాడు. చర్చిలో హార్మోనియం మూగపోతే పాస్టరు హెబ్రోను గారు కబురు పెట్టినారు. సిలార్ సాహెబు దాని పొట్టకు కర్ర ఆనించి, కళ్ళు మూసుకుని, చెయ్యెత్తి, పాస్టరు గారిని కూడా మాట్లాడొద్దని సైగ చేసినాడు.

"ఎలక కాపురముండాది సామీ. సంసారమంతా లోపలే. మొగుడు మాత్రం బయటికి పోయినాడు."

విప్పి చూస్తే తల్లి ఎలకా, నాలుగు పిల్లలూ ఉన్నాయి. ఆ మొగుడి సంగతి ఎట్లా తెలిసిందో పాస్టరు గారు చాలాకాలం ఆలోచించినారు.

ఇక పని. అరిగిపోయిన ఇరుసు తెస్తే మిగతా మెకానిక్కులు చేసేది వేరు, ఈయన చేసేది వేరు. బేరింగు ఇరుసు మీద బిగుతుగా కూర్చోవాలి. ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి ఆ కూర్చునే చోటు అరిగి వదులైతే, బేరింగు కూర్చున్నచోటే గిర్రుమంటుంది, చక్రం తూలుతుంది. దానికి చాలామంది సిగరెట్టు డబ్బా రేకు కత్తిరించి, ఇరుసుకు చుట్టి, బేరింగును సుత్తితో దిగ్గొట్టి, గంటలో పంపించేస్తారు. ఆ రేకు మాట వింటే సిలార్ సాహెబుకు ఒళ్ళు మండేది.

"రేకు మీద కూర్చోబెడతారా? అదేమన్నా అద్దెకు దిగిందా, మూణ్ణెల్లకు లేచిపోయేదానికి? తిరగాల్సింది తిరగాల, కూర్చోవాల్సింది కూర్చోవాల. కూర్చోవాల్సింది తిరగతా పోతే బండేంది, సంసారమే నిలబడదు!"

ఆయన పద్ధతికి మూడు రోజులు పట్టేది. కాలితో తొక్కే లేతు మిషను మీద ఇరుసు అరుగుదలంతా సమంగా చెక్కి, దానికి సరిపోయే ఉక్కు ఉంగరం చేసేవాడు. ఉంగరం ఒక వెంట్రుక మందం బిగుతుగా ఉండాలి, మామూలుగా ఎక్కకూడదు. నెల్లూరు ఐసు ఫ్యాక్టరీ నుంచి రంపపు పొట్టులో చుట్టి గోనెసంచిలో ఐసు తెప్పించి, ఉప్పు కలిపి, ఇరుసును అందులో పూడ్చేవాడు. ఇరుసు చలికి ముడుచుకునేది. ఉంగరాన్ని బొగ్గుల మీద కాలిస్తే అది సాగేది. ఆ రెంటినీ కలిపేదానికి ఒక ఊపిరి బిగబట్టినంత సేపే వ్యవధి. ఎక్కిందా, ఇక జన్మలో ఊడదు. ఆ తర్వాత బేరింగును మూకుడులో మరిగే నూనెలో వేసి, వేడివేడిగా తీసి ఆ ఉంగరం మీద కూర్చోబెట్టేవాడు.

ఆ మూకుడు చూసి మోసపోయినవాళ్ళు కొల్లలు. ఒకసారి ఒక లారీ డ్రైవరు దూరం నుంచే వాసన పట్టి, వచ్చి బల్ల మీద చతికిలబడి, "నాలుగు వడలెయ్యి సాయిబూ, పచ్చడి ఎక్కువెయ్యి" అన్నాడు.

సిలార్ సాహెబు పటకారుతో బేరింగు పైకెత్తి చూపించినాడు. "ఒకటి తిని చూడబ్బయా. పండ్లు మిగిలితే మిగతా మూడూ."

అంతటి పనిమంతుడు. ఈ వినే జబ్బే లేకపోతే నెల్లూరు జిల్లా అంతా ఆయన వాకిట్లో నిలబడేది. కానీ బాగుచేసిన బండితో పాటు మెకానిక్కును కూడా వెంటేసుకుని ఎవడు పోతాడు?

రైసుమిల్లు పెంచలయ్య గారి కొడుకు పెళ్ళికి కారు తరలిపోయిన రోజు ఊరంతా చూసింది. లోపల పదకొండు మంది. పన్నెండో మనిషి సిలార్ సాహెబు. చోటు లేక కాళ్ళు కిటికీలోంచి బయటికి చాపి, తల పెళ్ళికొడుకు ఒళ్ళో పెట్టి, కర్రకు చెవి ఆనించినాడు. రెండో మైలురాయి దగ్గర ఉన్నట్టుండి, "నోరు మూసుకునింది. ఆపండి" అన్నాడు.

"ఇంత దూరం వచ్చి దిగిపోతావా? విందు భోజనం చేసి పోరాదా" అన్నారు పెంచలయ్య గారు.

"మాట్లాడనిదాంతో నాకేం పని సామీ?" అని వరిమళ్ళ మధ్యన దిగి, కర్ర చంకలో పెట్టుకుని నడుచుకుంటూ వచ్చేసినాడు.

అదే మనిషి, రిటైరైన పంతులమ్మ రెబెక్కమ్మ గారు కంటి ఆపరేషనుకు బాడుగ కారులో మద్రాసు పోతుంటే, నూటిరవై మైళ్ళూ దిగలేదు. "ఇంకా ఏదో చెబుతుండాది, ఇంకా ఏదో చెబుతుండాది" అంటూనే మద్రాసు చేరినాడు. కారు మర్నాడే తిరిగొచ్చింది. సాహెబు రాలేదు. తొమ్మిదో రోజు రెబెక్కమ్మ గారి కట్లు విప్పినాక ఆమెతో పాటు రైల్లో దిగినాడు. ఊరు నవ్వని నవ్వు లేదు. "సముద్రం చూడను పోయినాడు, బేరింగు సాకు" అన్నారు. బీడీల కొట్టు చోటే సాహెబు కోర్టులో ఓడిపోయి, ఇల్లు వేరేవాళ్ళ పేర రాసిచ్చేదానికి నెల్లూరు పోయిన రోజూ అంతే. సిలార్ సాహెబు రిజిస్ట్రారాఫీసు మెట్ల మీద కర్ర పట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడు. కారు నిలబడి ఉంటే బేరింగు ఏం మాట్లాడుతుందయ్యా అని బంట్రోతు అడిగితే, "ఆలోచించుకుంటుండాది" అన్నాడు.

కొన్ని బేరింగులు మూగవి, కొన్ని వాగుడుకాయలు అని ఊరు తేల్చుకుంది.

షెడ్డుకు ఎదురుగా బస్సులు ఆగే చోట టాక్సీ నిలుపుకునే జీవానందం మాత్రం ఇంకో రకంగా తేల్చుకున్నాడు. "బేరింగూ లేదు, పాడూ లేదు. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. మనుషుల వాసన కోసం బండ్లెక్కి తిరుగుతుండాడు ముసలోడు" అనేవాడు. అంత ఖచ్చితంగా చెప్పడానికి కారణముంది. ఒంటరితనం సంగతి జీవానందానికి తెలిసినట్టు కొడవలూరులో ఇంకెవరికీ తెలియదు. అమ్మానాన్నలు కలరాలో పోతే మిషను హాస్టలు పెంచింది. ఇప్పుడు ఇరవై ఏడేళ్ళు. పంతొమ్మిదివందల ముప్పై నాలుగు నాటి పాత కారు ఒకటి, అదే బతుకుతెరువు, అదే ఇల్లు. వెనకసీట్లో పడక, డిక్కీలో వంటసామాను. వేరుశెనక్కాయలు కట్టిచ్చిన కాయితాలు విప్పి చదవడమే కాలక్షేపం. ఆ కాయితాల పుణ్యమా అని లోకంలో ప్రతి విషయమూ సగం సగం తెలుసు. ఆ సగంతోనే ప్యాసింజర్లతో గొడవ పడేవాడు. మాట విసిరితే వేపకాయే.

మిషను స్కూలు టీచరు కరుణాకుమారికి ఆ వేపకాయ ఎందుకు నచ్చిందో దేవుడికెరుక. ఆమెది నాయుడుపేట. సెలవులకు పోతూ వస్తూ నెల్లూరు స్టేషనుకు అతని టాక్సీలో ఎక్కేది. ఒకరోజు జీవానందం ఒక కథ సగం చెప్పి, మిగతా సగం ఏ శెనక్కాయల కొట్టుకు పోయిందో రెండేళ్ళుగా దొరకలేదని కసిగా అన్నాడు. ఆమె నవ్వి, స్టేషను వచ్చేలోపల మిగతా సగం చెప్పేసింది. ఆ రోజు అతను చిల్లర ఇవ్వడం మర్చిపోయినాడు, ఆమె అడగడం మర్చిపోయింది.

అరవై ఒకటో సంవత్సరం వేసంగిలో ఆమె తండ్రి, హెడ్‌మాస్టరు ముత్యాలయ్య గారి నుంచి జీవానందానికి ఉత్తరం వచ్చింది. 'వచ్చే ఆదివారం ఆరాధన ముగిసిన పిమ్మట మీ పెద్దలను వెంటబెట్టుకొని రావలెను. పెద్దలు లేక ఒంటిగా వచ్చిన వరునితో మాటలు జరుపుట మా తల్లిగారికి సమ్మతము కాదు.'

"ఎవరైనా ఒకరు చాలు" అని కరుణాకుమారి సెలవుకు పోయేముందు చెప్పింది. "కుర్చీలో కూర్చోడానికి ఒక మనిషి. మా అవ్వ ఖాళీ కుర్చీతో మాట్లాడదు."

ఆ ఒక్క మనిషి కోసం జీవానందం మూడు గడపలు ఎక్కినాడు. పాస్టరు గారికి ఆదివారం రెండు ఊళ్ళలో ఆరాధన. హాస్టలు వార్డెను గారికి నడుం నొప్పి. తోటి డ్రైవరు ఒకడు వస్తానన్నాడు గానీ, పెద్దమనిషి అనిపించుకునేదానికి వాడికి ఇరవై రెండేళ్ళే. నాలుగో గడప ఎక్కలేదు. అడుక్కునే ఓపిక అయిపోయింది. 'ఎవడూ లేకుండా ఇంత పెరిగినాను, ఎవడూ లేకుండా పెళ్ళాడలేనా' అనుకున్నాడు. కానీ ఒంటిగా పోతే అవ్వ గడప దాటనివ్వదనీ, ఈ ఆదివారం తప్పితే ఇంకో సంబంధం వాకిట్లో సిద్ధంగా ఉందనీ అతనికి తెలుసు.

సరిగ్గా అప్పుడే కారు వెనక కుడిచక్రం తాగినవాడిలా తూలడం మొదలుపెట్టింది.

నెల్లూరులో అడిగితే గంటలో రేకు చుట్టి ఇస్తామన్నారు. జీవానందం ఇరుసు చూసుకున్నాడు, నాయుడుపేట దారి తలుచుకున్నాడు, తిట్టుకుంటూ సిలార్ సాహెబు షెడ్డుకు తోలుకొచ్చినాడు.

"ఆదివారం పొద్దున్నే కావాల సాయిబుగారూ."

"ఈరోజు గురువారం. నువ్వు లేతు తొక్కితే అయితాది. ఏంది అంత అవసరం?"

"పెళ్ళిమాటలకు పోవాల, నాయుడుపేటకు."

"శుభం! ఎవరెవరు పోతుండారు?"

"నేను."

"నువ్వు సరేబ్బయా. ఎవరెవరు అంటుండా."

"నేనూ, బండీ. చాలదా?"

సిలార్ సాహెబు ఇరుసు అరిగిన చోట గోరు పెట్టి గీరినాడు. "బాగా అరిగిపోయిందే" అన్నాడు. "పైకి కనపడదు గానీ."

మూడు రోజులు జీవానందం లేతు తొక్కినాడు. పిక్కలు రాళ్ళయినాయి. రేకు చుట్టించుకోక ఈ తిప్పలెందుకని సాహెబు అడిగితే, తొక్కుతూనే ఏదో గొణిగినాడు. శనివారం మధ్యాహ్నం ఐసులోంచి ఇరుసు తీసి నిలబెట్టి, పొగలొచ్చే ఉంగరాన్ని పటకారుతో పట్టుకుని, "ఊపిరి బిగబట్టు!" అని అరిచినాడు సాహెబు. ఉంగరం జారి టక్కుమని కూర్చుంది. "కూర్చునింది! ఇంక ఊపిరి వదలబ్బయా, చచ్చేవు."

ఆదివారం తెలవారుతూనే జీవానందం ఇస్త్రీ చొక్కా వేసుకుని వస్తే, సిలార్ సాహెబు అప్పటికే వెనకసీట్లో ఉన్నాడు. నూనె మరకల చొక్కా, గళ్ళ లుంగీ, చెవి దగ్గర కర్ర, కాళ్ళ దగ్గర గోనెగుడ్డ మూట.

"దిగండి సాయిబుగారూ. ఈరోజు వద్దు."

"వినొద్దా?"

"పెళ్ళిమాటలకు పోతుండా!"

"పో. నేను నీతో ఏమన్నా మాట్లాడతానంటినా? బేరింగుతో గదా నా పని. ఆ మూటలో పనిముట్లుండాయి, తన్నొద్దు."

పెంచలయ్య గారి బండికి రెండు మైళ్ళు పట్టింది గదా, దీనికీ అంతే పడుతుందని జీవానందం సరిపెట్టుకున్నాడు. రెండో మైలురాయి దాటింది. "ఏమంటుండాది?" అన్నాడు. "ఇంకా ఏదో చెబుతుండాది" అని జవాబు. పెన్న దాటినారు. నెల్లూరు బస్టాండు దగ్గర జీవానందం బ్రేకు వేసి, "ఇక్కడ కొడవలూరు బస్సు దొరుకుతుంది" అన్నాడు.

"ష్! ఆపబాక. నిలబెడితే సిగ్గుపడతాది."

వెంకటాచలం దగ్గర జీవానందం కారు ఆపి, తానే కర్ర లాక్కుని చెవి పెట్టి, చక్రం చేత్తో తిప్పి విన్నాడు. ఏమీ లేదు. చక్రం నూనె మీద వెన్నలాగా తిరుగుతోంది.

"నాకేం వినబడలా."

"నీ చెవి చిన్నది."

గూడూరులో టీ తాగినారు. జీవానందానికి ముత్యాలయ్య గారి వాకిట్లో కారు ఆగడమూ, పెద్దలేరీ అని అడగడమూ, ఈ నూనె లుంగీ వెనకసీట్లోంచి కర్రతో సహా దిగడమూ కళ్ళకు కట్టినట్టు కనపడుతోంది. అక్కసు ఆగలేదు.

"మీకు ఎవరూ లేరని అందరి బండ్లూ ఎక్కి తిరుగుతుండారు. నాకూ ఎవరూ లేరు. నేను ఎవరి నెత్తినా ఎక్కలేదే!"

అనేసినాక నోరు చేదైంది. సిలార్ సాహెబు టీ సాసరులో పోసుకుని ఊదుకున్నాడు.

"అవునబ్బయా. నువ్వు ఎక్కలేదు. నాకు తెలుసు" అని, తాగి, మళ్ళీ పోయి వెనకసీట్లో కూర్చున్నాడు.

అక్కణ్ణుంచి నాయుడుపేట దాకా ఒకే బండిలో ఇద్దరు ఒంటరివాళ్ళు, మధ్యలో వేడిగాలి. స్వర్ణముఖి కనపడగానే వెనకనుంచి, "ఆపు. చేతులు కడుక్కోవాల" అని వినపడింది. ఇసకలో చెలమ దగ్గరికి మూటతో సహా పోయినాడు. జీవానందం స్టీరింగు మీద తల ఆనించి కూర్చున్నాడు. వదిలేసి పోదామా అని ఒక క్షణం అనుకున్నాడు కూడా.

తల ఎత్తేసరికి కారు పక్కన ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. నల్లటి షేర్వాణీ, తెల్లటి పైజామా, తలకు జరీ అంచు పాగా, దువ్విన గడ్డం. కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది. షేర్వాణీ ఆయన పెళ్ళినాటిది కాబోలు. పొట్ట దగ్గర గుండీలు ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్నాయి.

"చూస్తావేంది? తొందరగా పోనీ. ఊపిరి తీసుకుంటే గుండీ తెగేట్టుండాది."

జీవానందం చెయ్యి గేరు మీదే ఉండిపోయింది. ఈ షేర్వాణీ పెట్టెలోంచి తీసిందీ, మూట కట్టిందీ తెల్లవారుజామున. అప్పటికి చక్రం ఒక్క గజం కూడా తిరగలేదు. అప్పుడు పెంచలయ్య గారి కారులో పదకొండు మంది గుర్తొచ్చినారు. రెబెక్కమ్మ గారి పక్కన ఈయన తప్ప ఎవరున్నారు? చోటే సాహెబు వెంట ఎవరు పోయినారు? ఏ బేరింగులు వాగుడుకాయలో, ఏవి మూగవో, ఇన్నేళ్ళు ఎదురుగా కూర్చుని చూస్తూ కూడా లెక్క తప్పినాడు.

"సాయిబుగారూ, చక్రం ఎప్పుడు నోరు మూసింది?"

"కొడవలూరు దాటకముందే. ఎవరు చేసిన పని అనుకున్నావు?" అన్నాడు సిలార్ సాహెబు, ముందుసీట్లో జాగ్రత్తగా కూర్చుంటూ. కర్ర ఇంకా చంకలోనే ఉంది.

ముత్యాలయ్య గారి వాకిట్లో రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. నులకమంచం మీద ఆయన తల్లి పేరమ్మ, తెల్ల చీర, ముఖాన ముడతలు, కళ్ళు మాత్రం సూదులు. తలుపు చాటున కరుణాకుమారి. ముత్యాలయ్య గారు కారులోంచి దిగిన ఇద్దర్నీ చూసి, ఇంకెవరైనా దిగుతారేమోనని కారులోకి తొంగిచూసి, తప్పదన్నట్టు నమస్కారం పెట్టినారు.

"తమరు అబ్బాయికి ఏమవుతారు?"

జీవానందం ఏదో ఒక వరస చెప్పమని కళ్ళతోనే బతిమాలినాడు.

"ఏమీ కాను" అన్నాడు సిలార్ సాహెబు.

ముత్యాలయ్య గారు మళ్ళీ ఒకసారి కారులోకి తొంగిచూసినారు.

"ఏమీ కానివాణ్ణి యాభై మైళ్ళు వచ్చినానంటే, పిల్లోడు మంచోడనే గదమ్మా."

పేరమ్మ మంచం మీద కొంచెం ముందుకు జరిగింది. "కూర్చో నాయనా. పిల్లవాడి సంగతి చెప్పు."

పెళ్ళిమాటల్లో మగపెళ్ళివారి పెద్ద ఏం చెప్పాలో లోకానికంతా తెలుసు. వాడు బంగారం, వాడు వజ్రం అనాలి. ఆ ముక్క సిలార్ సాహెబుకు ఎవరూ నేర్పలేదు. ఆయనకు తెలిసింది ఒకటే. బండి తెస్తే ముందు చెడిపోయినవన్నీ వరసగా చెప్పడం. కుర్చీలో సర్దుకుని, వేళ్ళు మడవడం మొదలుపెట్టినాడు.

"ఇల్లు లేదు. బండిలో పడుకుంటాడు. కోపం జాస్తి. ఎక్కువ దూరం పోతే వేడెక్కుతాడు, దారిలో ఒకచోట నీళ్ళు పొయ్యాల. నోరు వేపకాయ. ఈరోజు గూడూరులో నన్నే తిట్టినాడు."

జీవానందం నేల చూసినాడు. తలుపు చాటున గాజులు గలగలమన్నాయి. అది నవ్వో ఏడుపో తెలియలేదు.

"ఎవర్నీ ఏమీ అడగడు. అది మంచి గుణం అనుకుంటుండాడు. కాదు. తెగులు" అని ఐదో వేలు మడిచినాడు సాహెబు. "ఇంక ఇరుసు సంగతి. గంటలో రేకు పెట్టించుకోని రావచ్చు. ఎవరికి తెలస్తాది? మూడు దినాలు లేతు తొక్కినాడు. ఎందుకురా అంటే, 'తిరిగొచ్చేటప్పుడో, ఎప్పుడో ఒకనాడు ఆ పిల్ల ఈ సీట్లో కూర్చుంటాది గదా' అన్నాడు. అంతే తల్లీ. నాకు తెలిసింది ఇంతే."

పేరమ్మ కొడుకు వైపు తిరిగింది.

"ఈ పిల్లకు పోయినసారొచ్చిన సంబంధానికి తొమ్మిదిమంది పెద్దలొచ్చినార్రా. ఒక్క వంక లేదన్నారు. మాట ఇచ్చినాక గదా తెలిసింది, వాడికి అంతకుముందే పెళ్ళాముందని! మొగపిల్లోడి వంకలు చెప్పిన పెద్దమనిషిని నా డెబ్బై ఏళ్ళలో ఇప్పుడే చూస్తుండా."

"మరి ఇల్లు లేదంటున్నారు గదమ్మా" అని ముత్యాలయ్య గారు గొణిగినారు.

"నా షెడ్డు వెనక రెండు గదులుండాయి" అన్నాడు సిలార్ సాహెబు. "ఒకదాంట్లో నేను, ఇంకోదాంట్లో పాత టైర్లు. టైర్లకు ఇల్లెందుకు సామీ? వానకు తడిస్తే చస్తాయా?"

అంటూ వంగి నమస్కారం పెట్టినాడు. అంతసేపు ఓర్చుకున్న గుండీ అప్పుడు తెగి, ముత్యాలయ్య గారి చేతిలో మజ్జిగ గ్లాసుకు తగిలి ఖణేలుమంది. మొదట నవ్వింది పేరమ్మే. తలుపు చాటు నవ్వు దాని వెనకే వచ్చింది. హెడ్‌మాస్టరు గారు నవ్వకూడదని శతవిధాల ప్రయత్నించి, మీసం మీద మజ్జిగ పోసుకున్నారు.

మాట ఖాయమైంది. అన్నాలైనాక పేరమ్మ, "నాయనా, ఆ కర్రేదో అన్నీ వింటాదంట గదా, నా మోకాలు చూడు, లేస్తే కిర్రుమంటాది" అన్నది. సాహెబు కర్ర పెట్టి, కళ్ళు మూసుకుని విని, "కూర్చునే చోటు అరిగిపోయిందమ్మా. కానీ మీకు నేను ఐసూ నూనె పెట్టలేను" అని చాలా విచారంగా చెప్పినాడు.

తిరుగుప్రయాణంలో గూడూరు దాటేసరికి సిలార్ సాహెబు వెనకసీట్లో షేర్వాణీ విప్పి తలకింద పెట్టుకుని నిద్రపోయినాడు. విందు భుక్తాయాసం. గురక మొదలైంది. మనుబోలు దగ్గర ఆ గురక మధ్యలోంచి సన్నగా ఇంకో చప్పుడు జీవానందం చెవిన పడింది. ముందు ఎడమచక్రం. ఎవరూ ముట్టుకోని చక్రం. ఈసారి నిజంగానే కిర్రు, కిర్రు, కిర్రు.

లేపుదామని వెనక్కి తిరిగినాడు. అరవై ఏళ్ళ మనిషి, నోరు తెరుచుకుని, వెడల్పాటి కుడిచెవి షేర్వాణీకి ఆనించి, లోకంలో ఏ శబ్దమూ తనది కాదన్నట్టు పడుకుని ఉన్నాడు. జీవానందం వేగం తగ్గించినాడు. కిర్రు తగ్గింది. ఇంకా తగ్గించినాడు. కారు నడిచే మనిషితో సమానంగా పోతోంది. పొద్దుగుంకడానికి ఇంకా రెండు గంటలుంది, కొడవలూరు ముప్పై మైళ్ళుంది. ఎప్పటికి చేరతామో లెక్క వేయబోయి మానేసినాడు.

వెనకనుంచి వడ్లబస్తాల ఎద్దుబండి ఒకటి వచ్చి, కారును దాటిపోతూ పక్కన జేరింది. బండి తోలేవాడికి పట్టరాని సంతోషం కలిగింది.

"ఏందన్నో! కారు మడిసిపెట్టి ఎద్దుల్ని కట్టుకోరాదా? ఏం తీసుకపోతుండావు, గుడ్లా?"

ఇంకోరోజైతే జీవానందం ఆ మాటకు వాడి ఏడుతరాలనూ కడిగి ఆరేసేవాడు. ఈరోజు కిటికీలోంచి తల బయటపెట్టి, పెదవుల మీద వేలు ఉంచినాడు.

"గట్టిగా అరవబాక. మా పెద్దాయన నిద్రపోతుండాడు."